తువ్వాలు, తెల్ల రుమాలు, నీలం మగ్గు: మా మిలట్రీ షార్ట్స్ ప్రాజెక్టు డైరీ

సంక్రాంతికి ముందు

ప్రాజెక్టు ఏమిటంటే, ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ఒకరి మీద ఒకరు వేసుకునే జోకుల్ని మన పర్లాకిమిడి తెలుగులో నిమిషం లోపు వీడియోలుగా తీయడం, కింద ఒడియా సబ్‌టైటిల్స్ పెట్టడం. హిందీలో ఇలాంటివి బోలెడు. అమెరికా వాళ్ళవైతే లెక్కే లేదు. తెలుగులో మాత్రం మిలట్రీ వీడియో అంటే వెనకాల దేశభక్తి పాట, ముందు స్లో మోషన్‌లో నడక, అంతే. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో గానీ, అటు పాతపట్నం దాటాక శ్రీకాకుళం జిల్లాలో గానీ ఏ వీధిలో చూసినా ఒక ఫౌజీ ఇల్లు ఉంటుంది. వాళ్ళు సెలవుకి వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పే కబుర్లలో సగం నవ్వులే. ఆ నవ్వులు ఫోనులోకి ఎందుకు రావడం లేదన్నదే నా బాధ.

రాసేదీ, ఎడిట్ చేసేదీ నేను. షూట్ చేసేది మా తమ్ముడు, ఫోను వాడిదే. మా చెల్లి, అంటే పెదనాన్న కూతురు, ఎన్‌సీసీలో ‘సి’ సర్టిఫికెట్ చేసింది, డ్రిల్ ఆవిడ డిపార్ట్‌మెంట్. సలహాలకి సుబేదారుగా రిటైరైన మావయ్య ఉన్నాడు. సలహా అని మేమంటాం గానీ ఆయన ఇచ్చేవి ఆర్డర్లే.

ముందు కొన్నాళ్ళు అమెరికా షార్ట్స్ వరసపెట్టి చూశాం. అక్కడ ఒక్కో దళానికి ఒక్కో వేషం ఖాయమైపోయింది. మెరైన్ అంటే కండ ఎక్కువ, బుర్ర తక్కువ, పిల్లలు బొమ్మలేసుకునే క్రేయాన్లు తింటాడు. ఎయిర్‌ఫోర్స్ అంటే ఏసీ గది, మంచి తిండి, పక్కన గోల్ఫ్ మైదానం, యుద్ధమంతా కుర్చీలోనే. కోస్ట్ గార్డ్ వాడు కనిపిస్తే మిగతావాళ్ళు ‘నువ్వెవరు బాబూ’ అంటారు. 2019 డిసెంబరులో పెట్టిన స్పేస్ ఫోర్స్‌ని ఎవరూ పట్టించుకోరు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు తెర మీదకి రాగానే, వాడింకా నోరు విప్పకుండానే జనం నవ్వడానికి రెడీ అయిపోతారు కదా, నలభై సెకన్ల వీడియోకి కావలసింది అచ్చం అదే. పాత్రని పరిచయం చేసే టైము ఉండదు మరి.

కానీ ఆ వేషాల్ని తెచ్చి మనవాళ్ళకి తొడిగితే అతకదు. మనకి మెరైన్లు విడి దళంగా లేరు కాబట్టి క్రేయాన్ జోకుకి ఇక్కడ ఆనవాలే లేదు. కోస్ట్ గార్డ్ జోకు అక్కడ ఎందుకు పండుతుందంటే, వాళ్ళది రక్షణ శాఖ కింద ఉండదు, 2003 నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ కింద ఉంది, అందుకే ‘నువ్వు అసలు మిలట్రీవేనా’ అన్న ఎగతాళి. మన కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కిందే ఉంది. మన దగ్గర ఆ ఎగతాళి పడేది హోంశాఖ కింద ఉండే సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్ళ మీద. వాళ్ళ సంగతి కింద రాస్తాను, అది కొంచెం పెద్ద కథ.

యూనిఫాం వద్దు

తమ్ముడు మొదటి మీటింగులోనే బరంపురంలో కామోఫ్లాజ్ డ్రెస్సులు అద్దెకి తెద్దామన్నాడు. వద్దన్నాను. సైనికుడు కానివాడు సైనికుడే అని జనం నమ్మాలన్న ఉద్దేశంతో ఆ డ్రెస్సు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. కామెడీకి ఆ ఉద్దేశం లేదని వాదించుకోవచ్చు, కానీ రోడ్డు మీద షూట్ చేస్తున్నప్పుడు ఆ వాదన ఎవరి ముందు చేస్తాం? పైగా 2022 ఆర్మీ డే పరేడ్‌లో చూపించిన కొత్త కంబాట్ డ్రెస్ డిజైన్‌ని ఆర్మీ రిజిస్టర్ కూడా చేయించుకుంది.

అసలు కారణం ఇంకొకటి ఉంది. యూనిఫాం చూడగానే మన జనం నిటారుగా కూర్చుంటారు, నవ్వు ఆగిపోతుంది. లుంగీ, బనీను వేసుకున్నవాడు ‘సావధాన్’ (అటెన్షన్) అంటేనే నవ్వొస్తుంది.

మరి ఎవడు ఏ దళమో తెలిసేదెలా? దానికి సెల్యూట్ దొరికింది. ఆర్మీ సెల్యూట్‌లో అరచెయ్యి ఎదుటివాడికి పూర్తిగా కనిపించాలి. నేవీలో అరచెయ్యి నేల వైపు తిరిగి ఉంటుంది, ఎదుటివాడికి కనబడదు. ఓడ మీద తాళ్ళు, గ్రీసు పనులతో చేతులు నల్లగా ఉండేవి కాబట్టి అలా దాచేవారని చెబుతారు. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు 2006 దాకా ఆర్మీలాగే కొట్టేవారు, ఆ తర్వాత 45 డిగ్రీల వాలుకి మారారు. మూడు సెల్యూట్‌లు, మూడు స్వభావాలు, డైలాగు దానంతటదే వచ్చేసింది. ఆర్మీవాడు: “చూస్కో, నా చేతిలో ఏటీ లేదు.” నేవీవాడు: “నా చెయ్యి చూడకు, ఇప్పుడే ఇంజన్లోంచి తీశాను.” ఎయిర్‌ఫోర్స్‌వాడు: “నేనింకా టేకాఫ్‌లో ఉన్నాను.”

సెల్యూట్ షూట్

ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి నిలువు ఫ్రేములో తీస్తే మోచేతులు కోసుకుపోయాయి. సెల్యూట్‌లో పైచెయ్యి భుజానికి సమంగా పక్కకి రావాలి, 1080 బై 1920 ఫ్రేములో ముగ్గురి మోచేతులకి చోటు లేదు. మెట్ల మీద నిలబెట్టాం, ఒకడు పై మెట్టు, ఒకడు మధ్యలో, చెల్లి కింద. కెమెరాని కాస్త పక్కకి జరిపి, నడుం ఎత్తులో పెట్టాక మూడు అరచేతులూ విడివిడిగా కనిపించాయి. నేవీ చెయ్యి ముందు నుంచి చూస్తే గీతలా ఉంటుంది, పక్కవాటు పడితేనే తేడా తెలుస్తుంది. ఎవరైనా ఇలాంటిది తీయాలనుకుంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మాకు మధ్యాహ్నమంతా దీనికే పోయింది.

రఫ్ కట్ మావయ్యకి చూపించాం. నవ్వలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

“టోపీ ఏదిరా?”

“యూనిఫాం వద్దనుకున్నాం కదా మావయ్యా.”

“తల మీద ఏటీ లేకుండా సెల్యూట్ కొట్టరు. ఉత్త తలకి సావధాన్ ఒక్కటే. ఇది చూసి ఫౌజీ అన్నవాడెవడూ నవ్వడు, తప్పు పట్టుకుంటాడు.”

అదీ నిజమే, మాకు కావలసిన మొదటి ప్రేక్షకుడు ఆ ఫౌజీయే. బెరెట్ (ఫౌజీ టోపీ) పెట్టకూడదు, బోడితల పనికిరాదు. చెల్లి ఇంట్లోకి వెళ్ళి చేతికి దొరికినవి పట్టుకొచ్చింది: ఆర్మీకి తువ్వాలు తలపాగా, నేవీకి నాలుగు మూలలా ముడేసిన తెల్ల రుమాలు, ఎయిర్‌ఫోర్స్‌కి స్నానాల గదిలోని నీలం ప్లాస్టిక్ మగ్గు. మగ్గు బోర్లించి, పట్టుకునే పిడి వెనక్కి వచ్చేలా పెట్టుకుంటే అదొక హెల్మెట్‌లాగే ఉంది. మావయ్య అప్పుడు నవ్వాడు. మగ్గు చూసి కాదు, మగ్గు పెట్టుకున్న తమ్ముడి మోచెయ్యి కిందికి జారితే చెల్లి కర్రతో పైకి లేపింది, అది చూసి. ఆ కర్రని కూడా వీడియోలో ఉంచేశాం.

ఇప్పుడు ఆ మూడూ మా సిరీస్‌కి గుర్తులైపోయాయి. ఏ వీడియోలోనైనా మగ్గు కనిపిస్తే ఎయిర్‌ఫోర్స్ వచ్చాడని పిల్లలు కూడా చెబుతున్నారు.

రథసప్తమి దగ్గర: ఫాలిన్ వీడియో

దీనికి స్క్రిప్టు మావయ్యదే. ఫౌజులో ఉన్న ఎవర్నడిగినా చెప్పే కథ, ఏ దేశం ఫౌజైనా ఇంతే. సుబేదార్ మేజర్ సాబ్ పొద్దున్న ఆరింటికి ఫాలిన్, అంటే వరసలో వచ్చి నిలబడాలి, అంటాడు. సుబేదారు తన భద్రతకి దాన్ని అయిదూ ముప్పావు చేస్తాడు, హవల్దారు అయిదున్నర చేస్తాడు, నాయక్ అయిదుంబావు అంటాడు, లాన్స్ నాయక్ అయిదు. సిపాయి నాలుగున్నరకే బూట్లు కట్టుకుని చీకట్లో నిలబడి ఉంటాడు. సాబ్ ఆరూ పదికి వస్తాడు.

దీన్ని బ్యారక్‌లో తీయలేం కదా, అరసవల్లి ప్రయాణంగా మార్చాం. రిటైరైన తాతయ్య ఆరింటికి ఆటో అంటాడు. నానమ్మ కొడుకుతో అయిదున్నర అని చెబుతుంది, కొడుకు పెళ్ళాంతో అయిదంటాడు, ఆవిడ ఆడపడుచుతో నాలుగున్నర అంటుంది, ఆడపడుచు పిల్లాడితో చెబుతుంది. చివరి షాట్‌లో పిల్లాడు రాత్రే స్నానం చేసి, నూనె రాసుకుని, చెప్పులతో సహా మంచం మీద పడుకుని ఉంటాడు. ఒక్కో మనిషికీ అయిదు సెకన్లు, గోడ గడియారం క్లోజప్ ఒక్కటే కలిపే ముక్క. గడియారం ముల్లు ప్రతిసారీ వెనక్కి తిరగడం ఎడిటింగులో పెట్టబోయి తీసేశాను, జోకుని మళ్ళీ వేలు పెట్టి చూపించినట్టు అవుతుంది.

మావయ్య పూర్తిగా చూసి, “ఇందులో జోకేటుందిరా? అలాగే కదా బయల్దేరాలి” అన్నాడు. ఆ మాటని ఆయన గొంతుతోనే రికార్డు చేసి వీడియో చివర అతికించాను. ఇప్పటిదాకా ఎక్కువమంది చూసింది ఇదే.

గోపాల్‌పూర్ చిన్నాన్న

గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. చిన్నాన్న ఆ ఎయిర్ డిఫెన్స్‌లోనే చేసి వచ్చాడు. అది ఆర్మీ. ఒకప్పుడు ఆర్టిలరీలో భాగం, 1994లో విడిగా కోర్ అయింది. పని విమానం ఎక్కడం కాదు, వచ్చే శత్రు విమానాన్ని కింద నుంచి గన్నుతోనో మిసైల్‌తోనో కొట్టడం. కానీ పేరులో ఎయిర్ అని ఉంది కదా, ఊరంతటికీ ఆయన ఎయిర్‌ఫోర్స్. సర్వీసంతా ఈ ఒక్క అపార్థంతోనే గడిచిపోయిందంటాడు. వీడియోలో ఆయన చెప్పింది చెప్పినట్టే పెట్టాం:

“ఏటి బావూ, ఇమానం నడిపేవోడివా?”

“లేదత్తా, దింపేవోణ్ణి.”

“అదే కదా మరి, పైలట్టు!”

ఆ అత్త పాత్ర మా అమ్మ చేసింది. ఒక్క టేకులో అయిపోయింది, నటించలేదు కూడా, ఆవిడకి నిజంగానే ఇప్పటికీ అలాగే అనుమానం.

ఇలాంటి వరస ఇంకా ఉంది, వాటిని త్వరగా తీసేస్తున్నాం: ఆర్మీలో యంత్రాలు బాగుచేసే ఈఎంఈ వాడు సెలవుకి వస్తే మిక్సీ రిపేరు, కమ్యూనికేషన్లు చూసే సిగ్నల్స్ వాడు వస్తే పక్కింటి వైఫై, రేషన్ సరఫరా చేసే ఏఎస్‌సీ వాడు వస్తే పెళ్ళికి ఎన్ని కిలోల బియ్యం పడుతుందో లెక్క. దళం ఏదైనా అందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే, “ఎప్పుడొచ్చినావు, సీసా తెచ్చినావా?” జవాబు వినకుండానే రెండో ప్రశ్న, “మళ్ళీ ఎప్పుడెళ్తావు?”

చిలికా

నేవీ బావ కథ ఒడిశాలో ఉన్నవాళ్ళకి తప్ప అర్థం కాదు, అందుకే నాకిష్టం. నేవీలో సెయిలర్‌గా చేరేవాళ్ళకి తొలి ట్రైనింగ్ ఐఎన్‌ఎస్ చిలికాలో, ఖుర్దా జిల్లాలో, సరస్సు ఒడ్డున. కేరళ నుంచి, పంజాబ్ నుంచి వచ్చినవాడికి అది కొత్త లోకం. మన బావ మాత్రం దేశాలు తిరుగుదామని నేవీలో చేరితే, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పిక్నిక్‌కి తీసుకెళ్ళిన చోటికే పంపించారు. వీడియోలో తల్లి టిఫిన్ క్యారేజీ పట్టుకుని, “బరంపురం దాటితే వచ్చేస్తుంది కదా, ఆదివారం వస్తాన్లే” అంటుంది, వాడు “అమ్మా, ఇది హాస్టల్ కాదు” అంటాడు.

ఇందులోనే ఆర్మీవాడి పోటు ఒకటి పెట్టాం. 2023 మార్చి 28న చిలికాలో నాలుగేళ్ళ సర్వీసుకి చేరిన అగ్నివీరుల తొలి బ్యాచ్ పాసింగ్ ఔట్ పరేడ్ (ట్రైనింగ్ ముగింపు పరేడ్) సూర్యాస్తమయం తర్వాత జరిగింది. మన సైన్యంలో అలా చీకటి పడ్డాక జరగడం అదే మొదటిసారి. సుమారు 2,600 మంది, అందులో 273 మంది అమ్మాయిలు. మా తలపాగావాడు అంటాడు, “సాయంత్రం పరేడా? పొద్దున్న లేవలేక కాబోలు.” దానికి రుమాలు కట్టుకున్న చెల్లి జవాబు చెప్పదు, నేవీ సెల్యూట్ ఒకటి కొట్టి వెళ్ళిపోతుంది. ఆ సైలెన్సు రెండు సెకన్లు ఉంచాలని తనే పట్టుబట్టింది, నాకు ఒక సెకను చాలనిపించింది, తనదే రైటు.

పరుగు లెక్క కూడా వాడుకున్నాం. ఆర్మీ రిక్రూట్‌మెంట్‌లో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెడితే పూర్తి 60 మార్కులు. నేవీలో ఆరున్నర నిమిషాలు ఇస్తారు. ఆ మధ్య ఉన్న నిమిషంలో నేవీవాడు ఏం చేస్తాడన్నదే వీడియో: ఆగి, జుట్టు దువ్వుకుంటాడు.

ఎవరి మనిషి

ఇది సరదాగానే మొదలై కొంచెం గట్టిగా తగిలిన వీడియో. పర్లాకిమిడి తెలుగు కుర్రాడు ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్ళాడు. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ “కహాఁ సే?” అంటే “ఒడిశా, ఉస్తాద్.” ఒడియా కుర్రాళ్ళు ఇంట్లో ఏం మాట్లాడతావంటారు, తెలుగంటాడు, అయితే ఆంధ్రా అంటారు. విజయనగరం వాళ్ళ దగ్గరికి వెళ్తే ఏ జిల్లా అంటారు, గజపతి అంటాడు, అయితే ఒడియా అంటారు. చివరికి ఉత్తరాది వాడొకడు వచ్చి రెండు గుంపుల్నీ కలిపి “ఏ మద్రాసీ లోగ్” అనేసరికి అందరూ ఒక్కటై వాడి మీద పడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ ఈ ఊళ్ళో నడుస్తున్న కథే ఇది, ఫౌజులో హిందీలో నడుస్తుంది, అంతే తేడా. మా వాడికి లాభం కూడా ఉంది లెండి. రెండు భాషలొచ్చినవాడికి మూడోది త్వరగా పట్టుబడుతుంది, ఆ హిందీతో వాడే రెండు గుంపులకీ దుబాసీ.

సర్వీసులో ఉన్న అన్నయ్య దీనికి ఫోనులో చాలా సరుకు ఇచ్చాడు. తెర మీద మాత్రం ఉండడు, పేరు కూడా వేయం, యూనిట్ పేరు మాకూ చెప్పడు. 2020 జులైలో ఆర్మీ తమవాళ్ళని 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది, అందులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా ఉన్నాయి. కాబట్టి మా వీడియోలు వాడు చూసేది సెలవులో, వదిన ఫోనులో.

అగ్నివీర్ వీడియో, ఇంకా పెట్టలేదు

తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్ళే అడిగారు, మా మీద కూడా ఒకటి తియ్యన్నా అని. పెళ్ళి సంబంధం సీను. మధ్యవర్తి “ఉద్యోగం పర్మనెంటేనా?” అంటాడు. అబ్బాయి “నాలుగేళ్ళు, ఆ తర్వాత 25 శాతం మందిని ఉంచుతారు” అంటాడు. మధ్యవర్తి “అంటే అల్లుడు కూడా 25 శాతమేనా?” కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. వాళ్ళలో ఒకడి తల్లి పక్కనే ఉంది, నవ్వలేదు, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాడే వాడి మీద వేసుకుంటే అది ఫౌజీ జోకు, అదే మాట ఇంకొకడు అంటే దెప్పిపొడుపు. మా మధ్యవర్తి చేతిలో అది రెండోదైపోయింది. స్క్రిప్టు తిప్పి రాశాను: ఇప్పుడు మధ్యవర్తి నోట్లో లెక్కలే లెక్కలు, నాలుగేళ్ళయ్యాక వచ్చే సేవానిధి 11.71 లక్షల్లో కట్నం ఎంత, తన కమిషన్ ఎంత అని వేళ్ళు మడుస్తూ ఉంటాడు, అబ్బాయి అరుగు మీద పుల్‌అప్ బారు పట్టుకుని లెక్కపెడుతూ ఉంటాడు, రిక్రూట్‌మెంట్‌లో పది తీస్తే నలభై మార్కులు. ఇద్దరి లెక్కలూ కలిసిపోయి మధ్యవర్తి తప్పుతాడు. మళ్ళీ షూట్ చేశాక ముందు ఆ తల్లికే చూపించాలి. ఆవిడ సరేనంటేనే పెడతాం.

సీఆర్‌పీఎఫ్ మాస్టారు

సీఆర్‌పీఎఫ్‌లో చేసి వచ్చి ఇప్పుడు కుర్రాళ్ళకి పరుగు నేర్పుతున్నాయన, అందరూ మాస్టారంటారు. మా వీడియోలన్నీ చూసి ఒకటే అన్నాడు, “అందర్నీ తిడతన్నారు గానీ మమ్మల్నెందుకు తిట్టరు?”

నిజానికి భయపడే వదిలేశాం. రాయగడ, కోరాపుట్, మల్కనగిరి వైపు క్యాంపుల్లో ఆ దళాలు మోసిన బరువు ఇక్కడ అందరికీ తెలుసు, దాని మీద కామెడీ వద్దనుకున్నాం. ఆయనకి అది గౌరవంలా కనబడలేదు, పంక్తిలోంచి లేపేసినట్టుంది. హోంశాఖ కింద ఉంటారు కాబట్టి సరుకులకి ఆర్మీవాళ్ళ సీఎస్‌డీ క్యాంటీన్ కాదు, భండార్ అనే వేరే దుకాణం. 2004 జనవరి తర్వాత చేరినవాళ్ళకి పెన్షన్ పద్ధతి కూడా వేరు, సైన్యానికి మాత్రం పాతదే. ఊరివాళ్ళ మాట ఆయనే చెప్పాడు: “సీసా అడిగేటప్పుడు మిలట్రీ బావు, ఎక్స్-సర్వీస్‌మన్ కోటా అనేసరికి ఏదో పోలీసు.”

స్క్రిప్టు ఆ రాత్రే రాశాను. మెట్ల మీద తలపాగా, రుమాలు, మగ్గు నిలబడి ఉంటారు, నాలుగోవాడు వచ్చి ఏ మెట్టు ఎక్కాలో తెలియక తిరుగుతుంటాడు, ఒక్కొక్కడూ “నీది మా శాఖ కాదు” అంటాడు. ఇంతలో లోపలి నుంచి అత్త కేక, “ఎవడ్రా సీసా తెచ్చినోడు?” ముగ్గురూ కలిసి నాలుగోవాణ్ణి ముందుకి తోస్తారు. క్యాంపు, అడవి, తుపాకీ, ఏవీ ఉండవు. మాస్టారే నటిస్తానన్నాడు. తల మీద ఏం పెట్టాలన్న దాని మీద మాత్రం గొడవ నడుస్తోంది, తమ్ముడు ప్రెషర్ కుక్కర్ మూత అంటాడు, చెల్లి బరువని వద్దంటోంది, మాస్టారు విజిల్ కూడా ఉంచమంటున్నాడు.

మహేంద్రతనయ ఒడ్డున తీద్దామనుకున్న షాట్లు రద్దు, గాలికి కాలర్ మైకులో హోరు తప్ప ఏమీ వినబడలేదు, దూది చుట్టినా అంతే. షూట్ ఇంటి మెట్ల మీదే. సామానుగా నల్ల ట్రంకు పెట్టె చిన్నాన్న ఇస్తున్నాడు, దాని మీద తెల్ల పెయింటుతో ఉన్న నంబరు, పేరు, యూనిట్ కెమెరాలో పడకుండా పాత పేపరు అతికించాలి. పేపరు ఒడియాదా తెలుగుదా అన్నది తమ్ముడు ఇంకా తేల్చలేదు.